నా చొక్కాకు బ్యాడ్జీ, ఆయన ముక్కుకు తువాలు

ఉద్యోగం చేసినన్నాళ్లూ నా చొక్కాకు, గుండె దగ్గర, ఒక బ్యాడ్జీ ఉండేది. టీఎల్‌డీ బ్యాడ్జీ అంటారు. ప్లాస్టిక్ డబ్బీ, లోపల నికెల్ పూత వేసిన అల్యూమినియం రేకు, ఆ రేకులో మూడు తెల్లని బిళ్లలు. మూడు నెలలకోసారి పాతది పంపి కొత్తది తెప్పించుకోవాలి. పంపినదాన్ని వేడిచేస్తే, ఆ బిళ్లలు ఎంత రేడియేషన్ తాగాయో అంత వెలుగు కక్కుతాయి. ఆ వెలుగును కొలిచి నా పేరు పక్కన ఒక అంకె వేస్తారు. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం మొదలుపెట్టిన పద్ధతి ఇది. గుర్రంకొండ పక్క పల్లెలో పుట్టి, మదనపల్లె చుట్టుపక్కల ఆస్పత్రుల్లో ఎక్స్‌రేలు తీసుకుంటూ బతికినవాణ్ణి నేను. నా ఒంట్లోకి ఏ మూడు నెలల్లో ఎంత పోయిందో ముంబయిలో లెక్క ఉంది.

ఈ మర్యాద మాకు ఊరికే దక్కలేదు. 1895లో ఎక్స్‌రేలు బయటపడ్డాక తొలి రోజుల్లో వాటితో పనిచేసిన డాక్టర్లు, టెక్నీషియన్లు చేతివేళ్లు పోగొట్టుకున్నారు, చర్మ క్యాన్సర్లతో చచ్చిపోయారు. జర్మనీలో హాంబర్గ్ నగరంలోని ఒక ఆస్పత్రి ఆవరణలో 1936లో వాళ్ల పేర్లు చెక్కి ఒక స్మారకం నిలబెట్టారు. ఆ పేర్లు ఒక్క దేశానివి కావు. అంతకుముందే, 1928లో, స్టాక్‌హోంలో జరిగిన రేడియాలజీ మహాసభ రక్షణ నియమాల కోసం ఒక అంతర్జాతీయ కమిటీని వేసింది. 1960లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ, అదే ఐఎల్‌ఓ, రేడియేషన్ నుంచి కార్మికుల రక్షణకు 115వ నంబరు ఒప్పందం తెచ్చింది. మన దేశం 1975లో దానికి కట్టుబడింది. అప్పటికే 1962 నాటి అణుశక్తి చట్టం, 1971 నాటి రేడియేషన్ రక్షణ నియమాలు మన దగ్గర ఉన్నాయి. స్టాక్‌హోంలో అనుకున్న మాట జెనీవా మీదుగా, ముంబయి మీదుగా, చివరికి మా ఊరి దగ్గరి ఎక్స్‌రే గదిలో నా చొక్కా దాకా వచ్చింది. దేశాలు కలిసి పనిచేస్తే ఏమవుతుందని ఎవరైనా అడిగితే, అప్పట్లో నేను బ్యాడ్జీ చూపించగలిగేవాణ్ణి.

నా ఎదుట ప్లేటుకు ఛాతీ ఆనించి నిలబడినవాళ్ల సంగతి వేరు.

కుప్పం, శాంతిపురం, రామకుప్పం, గుడుపల్లె వైపు నుంచి గ్రానైట్ క్వారీల కూలీలు వచ్చేవాళ్లు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం. చీటీ మీద క్షయ అనుమానం అని రాసి ఉండేది. చొక్కా విప్పి, భుజం మీది తువాలు తీసి పక్కన పెట్టమంటే, పెట్టిన చోట రాతిపిండి రాలేది. "ముక్కుకు ఏం కట్టుకుంటావన్నా?" అని అడిగితే, "ఈ తువాలే సార్. తడిపి కట్టుకుంటే మేలే, కానీ ఎండాకాలం నీళ్లు యాడుండాయి?" అనేవాళ్లు. వాళ్లతోపాటు అప్పుడప్పుడూ ముసలివాళ్లు, "గోల్డ్ ఫీల్డులో పన్జేసినా నాయినా, అండర్‌గ్రౌండు" అని గర్వంగానే చెప్పి, రెండు మెట్లెక్కినందుకే గోడ పట్టుకుని నిలబడేవాళ్లు.

రాతి ధూళి గురించి కూడా ప్రపంచ దేశాలు కూడి మాట్లాడుకున్నాయి. స్టాక్‌హోం సభ జరిగిన రెండేళ్లకే, 1930లో, జోహాన్నెస్‌బర్గ్‌లో. మా గదిలో నేనూ, ఆ రాతి కూలీ ఇద్దరం ఉండేవాళ్లం, ఇద్దరికీ చేసే పనిలోనే ప్రమాదం ఉండేది. నా ప్రమాదానికి మందు సముద్రాలు దాటి వచ్చింది. ఆయన ప్రమాదానికి రావలసింది దారిలో ఎక్కడ ఆగిపోయిందో ఉద్యోగం వదిలాక తీరుబడిగా వెతుక్కుంటూ వచ్చాను.

కుప్పంలో రైలెక్కితే గుడుపల్లె, బిసానత్తం, కామసముద్రం దాటి బంగారుపేట. అక్కడ దిగి మారికుప్పం బండి పట్టుకుంటే కోలారు బంగారు గనులు, మనవాళ్ల నోట కేజీఎఫ్. లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో అక్కడ అడుగుపెట్టింది. 1902లో శివసముద్రం జలపాతం నుంచి కరెంటు వచ్చింది. భూమిలోకి మూడు కిలోమీటర్లు దాటి దిగారు. ఆ లోతున రాయే అరవై డిగ్రీలకు పైగా కాలుతుంది. మేస్త్రీలు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చారు. కూలీలు చుట్టుపక్కల తమిళ, తెలుగు పల్లెల నుంచి పోయారు. కుప్పం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో కంగుంది జమీందారీ. గని మాత్రం మైసూరు సంస్థానం. బిసానత్తంలో, చిగురుకుంటలో మన గడ్డ మీదే బంగారు గనులు నడిచాయిగానీ, గని పని అంటే కేజీఎఫే.

బంగారం ఉండేది క్వార్ట్జ్ రాతిలో. మందు పెట్టి పేల్చాలంటే ముందు రంధ్రం వేయాలి. మా గుర్రంకొండ కోట గోడలు కట్టిన కాలంలో ఆ పని ఉలితో, సమ్మెటతో అయ్యేది. సమ్మెట దెబ్బకు పెళ్లలు లేస్తాయి, ధూళి కూడా లేస్తుంది కానీ దాంట్లో చాలావరకు ముతక. గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లు రాయిని పిండి చేస్తుంది. కంటికి కనిపించే ధూళి ముక్కులో, గొంతులో ఆగిపోయి కఫంతో బయటికొస్తుంది. కనిపించనిది, మిల్లీమీటరులో వందో వంతుకన్నా చిన్నది, ఊపిరితిత్తుల అట్టడుగు గాలిసంచుల దాకా పోతుంది. అక్కడ ఒంటి కణాలు దాన్ని మింగి, అరిగించుకోలేక చస్తాయి. చచ్చిన చోట మచ్చ కడుతుంది. మచ్చ పక్కన మచ్చ. పదేళ్లో ఇరవయ్యేళ్లో గడిచాక మనిషికి ఆయాసం తెలుస్తుంది. అప్పటికి పని మానేసినా మచ్చ పెరగడం మానదు. ఇదే సిలికోసిస్. ఆ ఊపిరితిత్తుల్లో క్షయ క్రిమి ఇట్టే కాపురం పెడుతుంది.

ఇదంతా కేజీఎఫ్ దొరలకు తెలియని రహస్యం కాదు. కార్న్‌వాల్ మేస్త్రీల అన్నదమ్ములే దక్షిణాఫ్రికా బంగారు గనులకు పోయి, డ్రిల్లు పట్టి, నడివయసు రాకుండానే పోయారు. 1902లోనే అక్కడ విచారణ సంఘం వేశారు. మందు కూడా దొరికింది. అమెరికాలో కొలరాడోకు చెందిన జార్జ్ లేనర్ 1897లో ఒక డ్రిల్లు తయారుచేశాడు, దాని కడ్డీ మధ్యలోంచి నీళ్లు పారి ధూళి పుట్టిన చోటే దాన్ని బురద చేస్తాయి. ఇంతకన్నా గొప్ప కనుగోలు ఈ రంగంలో ఇప్పటికీ రాలేదని నా అభిప్రాయం. కానీ లోతు గనుల్లో దానికో మెలిక ఉంది. కాలుతున్న రాతి మీద నీళ్లు కొడితే గాలిలో తేమ పెరుగుతుంది, చెమట ఆరదు, మనిషి వడదెబ్బకు పడిపోతాడు. ధూళి పోవాలంటే నీళ్లు, నీళ్ల ఉక్క పోవాలంటే పైనుంచి చల్లగాలి, చల్లగాలికి యంత్రాలు, యంత్రాలకు డబ్బు.

జోహాన్నెస్‌బర్గ్ సభ సంగతికొస్తాను. ఐఎల్‌ఓ పిలుపు మీద, అక్కడి గని యజమానుల సంఘం ఆతిథ్యంలో, వివిధ దేశాల డాక్టర్లు, ఇంజనీర్లు సిలికోసిస్ గురించి చర్చించారు. ఎందుకు అక్కడ? ఆ దేశంలో తెల్ల గని కార్మికులకు సంఘం ఉంది, ఓటు ఉంది. 1911 నుంచి నష్టపరిహారం చట్టం ఉంది. పరిహారం ఇవ్వాలంటే ఎవరికి జబ్బు ఉంది, ఎంత ఉంది అని తేల్చాలి. నల్ల కార్మికులకు అదే జబ్బుకు దక్కింది చాలా తక్కువ. అంటే ఆ సభ దయతో పుట్టలేదు, జమాఖర్చు పుస్తకంలోంచి పుట్టింది. నాకు దాని మీద చిన్నచూపు లేదు. లెక్క అడిగేవాడు ఉన్నచోటే కొలత పుడుతుంది. కొలత పుట్టాక అది అడగలేనివాడికీ ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

నాలుగేళ్లకు, 1934లో, ఐఎల్‌ఓ 42వ నంబరు ఒప్పందం తెచ్చి, పని వల్ల వచ్చే జబ్బుల పట్టికలో సిలికోసిస్‌ను చేర్చింది. అంతకుముందున్న 1925 నాటి ఒప్పందంలో మూడే ఉండేవి: సీసం విషం, పాదరసం విషం, ఆంత్రాక్స్. ఆ పాతదానికి ఇండియా 1927లో ఒప్పుకుంది. అదే ఏడు మన తెలుగువాడు వి.వి. గిరి భారత కార్మికుల ప్రతినిధిగా జెనీవా సభకు పోయారు. సిలికోసిస్ ఉన్న కొత్త ఒప్పందానికి మాత్రం మనం ఒప్పుకుంది 1964లో. ముప్పై ఏళ్లు. ఈలోపు ఇంకో చిక్కు: బ్రిటిష్ ఇండియా పెట్టిన సంతకం సంస్థానాలకు వర్తించేది కాదు, కేజీఎఫ్ ఉన్నది మైసూరులో.

1940ల్లో కేజీఎఫ్ కార్మికులను వేల సంఖ్యలో ఎక్స్‌రేలు తీసి చూశారు. 1947లో ఫలితం అచ్చయింది. చూసినవాళ్లలో నూటికి నలభైమందికి పైగా సిలికోసిస్ ఉందని తేలింది. భారతదేశంలో ఈ జబ్బును వైద్యలోకం మొదట నమోదు చేసుకుంది ఈ లెక్కతోనే, ఇప్పటికీ వైద్య పాఠ్యపుస్తకాల్లో ఆ సంవత్సరం, ఆ గని పేరు ఉంటాయి. నాకు ఆ అంకె కన్నా అందులో లేనివాళ్ల మీదే ధ్యాస. ఎక్స్‌రే తీసింది పనిలో ఉన్నవాళ్లకు. దమ్ము చాలక పని మానేసి, రైలెక్కి, కుప్పం దాటి తమ పల్లెకు పోయినవాడు ఏ లెక్కలోకీ రాడు. అతని జబ్బు మైసూరులో పుట్టి మద్రాసు రాష్ట్రంలో ముదిరింది. ఇంట్లోవాళ్లు ఉబ్బసం అనుకున్నారు, నాటుమందు పోశారు, కొందరు క్షయ అని మదనపల్లె తీసుకొచ్చారు.

మదనపల్లె తేవడానికి కారణం ఆరోగ్యవరం. దేశాలు కలిసి చేసిన పని అంటే దీన్ని కూడా చెప్పుకోవాలి. పలు దేశాల క్రైస్తవ మిషన్ సంఘాలు కలిసి 1912లో ఒక క్షయ చికిత్సాలయాన్ని మొదలుపెట్టి, 1915లో మదనపల్లె బయట ఇప్పుడున్న చోట నెలకొల్పాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మొల్లర్ దానికి తొలి సూపరింటెండెంటు. తర్వాత డాక్టర్ పి.వి. బెంజమిన్, ఆ తర్వాత మొల్లర్ గారి అబ్బాయి యోహానెస్. దేశంలో బీసీజీ టీకా 1948లో మొదలైనప్పుడు మదనపల్లె ముందువరసలో ఉంది. 1950 నుంచి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, గడప గడపకూ మనుషుల్ని లెక్కరాసుకుని, ఎక్స్‌రేలు తీసి, కఫం పరీక్షించి ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. మా పల్లెల ఊపిరితిత్తులు ప్రపంచానికి పాఠమయ్యాయి.

అక్కడి నుంచి వచ్చిన ఇంకో సంగతి నాబోటివాడికి ఎంతో ఇష్టం. 1940లో పెద్ద మొల్లర్, బార్టన్ అనే మరో డాక్టర్ కలిసి ఒక వ్యాసం రాశారు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా సన్నని చుక్కలు, చూస్తే క్షయే అనిపిస్తుంది, కానీ కాదు. రక్తంలో ఇస్నోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి ఉంటాయి, మందు వేరు. ఆ జబ్బును లోకం ఇప్పుడు ట్రాపికల్ ఇస్నోఫిలియా అంటుంది. దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, సిలికోసిస్ ఫిల్ములోనూ అలాంటి చుక్కలే. క్షయ చుక్కలు, ఇస్నోఫిలియా చుక్కలు, రాతిపిండి చుక్కలు అన్నీ ఆవాలు చల్లినట్టే ఉంటాయి. మొదటిదాన్ని కఫం పరీక్ష పట్టిస్తుంది, రెండోదాన్ని రక్త పరీక్ష. మూడోదాన్ని పట్టించేది ఒకే ప్రశ్న: నువ్వు ఏం పని చేస్తావు? ఇటలీ డాక్టర్ రామజ్జీని 1700లోనే ఈ ప్రశ్న అడగమని డాక్టర్లకు పుస్తకం రాసి మరీ చెప్పాడు. మా ఎక్స్‌రే చీటీలో పేరు, వయసు, ఊరు ఉండేవి. పనికి గడి లేదు. ఖాళీ అంచున నేను "రాతి పని" అని రాసి పంపేవాణ్ణి. కొందరు డాక్టర్లు మెచ్చుకున్నారు, ఒకాయన మాత్రం "నీ పని ఫిల్ము తీయడం" అన్నారు.

ఆ ఫిల్ము తీయడం గురించే ఇప్పుడు కొంచెం సాగదీస్తాను. జోహాన్నెస్‌బర్గ్‌లో మొదలైన ఎక్స్‌రే ఫిల్ముల వర్గీకరణ 1950లో సిడ్నీలో మారింది, 1980లో మరింత పదునెక్కింది, 2011లో డిజిటల్ చిత్రాలకూ వచ్చింది. ఐఎల్‌ఓ ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక ఫిల్ముల సెట్టు పంపుతుంది. లైటు పెట్టె మీద ఒక పక్క రోగి ఫిల్ము, ఇంకో పక్క ఆ ప్రామాణిక ఫిల్ము పెట్టి పోల్చాలి. గుండ్రని చుక్క ఒకటిన్నర మిల్లీమీటరు లోపైతే పి, మూడు దాకా క్యూ, పది దాకా ఆర్. ఎన్ని ఉన్నాయన్నదానికి సున్నా నుంచి మూడు దాకా గ్రేడు. గ్రేడు రాయడంలో ఒక నిజాయితీ ఉంది: 1/2 అని రాస్తే, నేను ఒకటి అని తేల్చాను, కానీ రెండేమోనని గట్టిగా ఆలోచించాను అని అర్థం. అనుమానాన్ని కూడా అంకెగా రాయనిచ్చే కాగితం సర్కారు వ్యవహారాల్లో నేను ఇంకెక్కడా చూడలేదు.

దాని కోసం ఫిల్ము తీయడమూ ఒక పద్ధతే. ట్యూబు ఆరడుగుల దూరంలో ఉండాలి. భుజాలు ముందుకు నొక్కాలి, లేకపోతే రెక్కల ఎముకలు ఊపిరితిత్తుల మీద పడతాయి. ఊపిరి పూర్తిగా తీసుకుని బిగబట్టాలి. ఎక్స్‌పోజరు ఎక్కువై ఫిల్ము నల్లబడితే ఉన్న చుక్కలు మాయమవుతాయి. తక్కువై తెల్లబడితే మామూలు రక్తనాళాలే చుక్కల్లా కనిపిస్తాయి. డార్క్ రూములో డెవలపరు పాతబడినా అంతే. అంటే కూలీకి పరిహారం దక్కడం, దక్కకపోవడం నా చేతిలో అర సెకను కన్నా తక్కువ వ్యవధిలో ఉండేది. అన్నిటికన్నా కష్టం ఊపిరి బిగబట్టించడం. "బాగా తీసుకోన్నా, పట్టు, పట్టు" అంటాను. ఆ జబ్బు ముదిరినవాడు ఊపిరి తీసుకోగానే దగ్గు తన్నుకొస్తుంది. మళ్లీ నిలబెట్టాలి.

కేజీఎఫ్ గనులను మైసూరు ప్రభుత్వం 1956లో జాతీయం చేసింది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. బంగారం తీసేసిన ఇసుక, జనం సయనైడ్ దిబ్బలు అనేవి, మూడు కోట్ల టన్నులకు పైగా ఊరి మధ్యే ఉండిపోయింది. గాలి లేచినప్పుడల్లా గనిలో దిగనివాళ్ల ఇళ్లలోకీ ధూళి వస్తుంది.

బంగారం పోయే వేళకు గ్రానైట్ అందుకుంది. కుప్పం గ్రీన్ అనే పేరు రాళ్ల వ్యాపారం చేసే దేశాలన్నిటికీ తెలుసు. బ్లాకు కోయడానికి డైమండ్ వైర్ సా వచ్చింది. క్వారీలో దాన్ని చూసినప్పుడు నన్ను ఒకటి ఆపేసింది. వైరు తిరుగుతున్నంతసేపూ దాని మీద నీళ్లు పారుతూ ఉంటాయి. నీళ్లు లేకపోతే వైరు వేడెక్కి పాడవుతుంది, అది ఖరీదైన వస్తువు. పక్కనే జాక్ హ్యామర్ పట్టినవాడు పొడిగా రంధ్రం కొడుతుంటాడు, తెల్లటి మేఘం లేచి కనుబొమల మీద కూర్చుంటుంది. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని సీమ ఇది, ఒప్పుకుంటాను. కానీ ఆ క్వారీలో నీళ్లున్నాయి. వైరుకు ఇస్తున్నారు.

చట్టం లేక కాదు. 2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం కింద సిలికోసిస్ సర్కారుకు కబురు చేయాల్సిన జబ్బు. గనిలో చేరేటప్పుడు, తర్వాత ఐదేళ్లకోసారి ఛాతీ ఎక్స్‌రే తీయాల్సి ఉండేది, క్వారీ కూడా గనే. అయితే పరీక్ష మస్టర్ రోల్‌లో పేరున్నవాడికి. కాంట్రాక్టు మీద ఈ క్వారీలో ఆరు నెలలు, ఆ క్వారీలో ఏడాది చేసి, ఆయాసం వచ్చాక ఇంటికి పోయినవాడికి ఐదేళ్లు ఎక్కడ నిండుతాయి? నా విషయంలో అలా కాదు, లైసెన్సు యంత్రానికి ముడిపడి ఉంది. టెక్నీషియన్‌కు బ్యాడ్జీ లేకుండా ఎక్స్‌రే గది నడపకూడదు. ఈ తేడాకు ఇంకో కారణం కూడా ఉంది, దాచడం దేనికి? రేడియేషన్ డాక్టర్ల వేళ్లు తిన్నది, నియమాలు రాసేదీ వాళ్లే. రాతిపిండి తిన్నవాడికి రాత రాదు.

1995లో ఐఎల్‌ఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి సిలికోసిస్‌ను 2030 కల్లా లేకుండా చేద్దామని కార్యక్రమం పెట్టాయి. అదే ఏడు గనుల్లో భద్రత మీద 176వ ఒప్పందం వచ్చింది. 1981 నాటి 155, 2006 నాటి 187 ఒప్పందాలను 2022 జూన్‌లో మౌలిక ఒప్పందాల్లో చేర్చారు. సంతకం పెట్టని దేశాలు కూడా వాటి సూత్రాలను గౌరవించాలి. ఈ మూడింటికీ మన దేశం ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే మర్నాడే జాక్ హ్యామర్‌కు నీళ్లొస్తాయని నేననుకోను. 1964లో ఒప్పుకున్నదే క్వారీ దాకా రాలేదు.

నాకు ఆశ ఉన్నది ఇంకోవైపు. ఈ రాయి జర్మనీ శ్మశానాల్లో సమాధి పలకలవుతుంది, నెదర్లాండ్స్ వీధుల్లో బండలవుతుంది. పిల్లలతో కొట్టించిన రాయి వద్దని జర్మనీలో ధ్రువపత్రం ఇచ్చే సంస్థలు 2005 ప్రాంతంలోనే పుట్టాయి, కొన్ని రాష్ట్రాల శ్మశాన చట్టాల్లోనూ ఆ నిబంధన చేరింది. 2017లో నెదర్లాండ్స్ సంస్థలు దక్షిణ భారత గ్రానైట్ క్వారీల పని పరిస్థితుల మీద నివేదిక బయటపెట్టాయి. 2019లో నెదర్లాండ్స్, బెల్జియంలోని ఫ్లాండర్స్ కంపెనీలు, ప్రభుత్వాలు, సంఘాలు కలిసి ట్రూస్టోన్ అనే ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. తాము కొనే రాయి ఎక్కడ, ఎలా తీశారో కనుక్కుంటామని దాని సారాంశం. రంగులో కాస్త తేడా వస్తే బ్లాకును తిరగ్గొట్టే కొనుగోలుదార్లు వీళ్లు. జోహాన్నెస్‌బర్గ్‌లో తెల్ల కార్మికుల సంఘం చేసిన పని ఇప్పుడు చేయగలిగేది వీళ్లే. వీళ్లు పిల్లల గురించి అడిగారు, మంచిదే. ఇక మీదట ఇంకో మూడు సంగతులు ఇన్‌వాయిస్‌తో పాటు కావాలని అడగాలి: డ్రిల్లు నీళ్లతో నడుస్తోందా, దాని మీద పనిచేసినవాళ్ల ఛాతీ ఫిల్ములు ఏ సంవత్సరంలో తీశారు, వాటి మీద ఐఎల్‌ఓ గ్రేడు ఎవరు రాశారు. ఫిల్ము చదవడం నేర్చినవాళ్లు మదనపల్లెలోనూ ఉన్నారు, కుప్పంలోనూ ఉన్నారు. పనికి రండని పిలిస్తే వస్తారు.